ఢిల్లీకి లెక్క చెప్పే మ్యూజియం ఊరికి ఏం చెబుతుంది? ఖరగ్‌పూర్ నేర్పే పాఠం

ప్రజాధనంతో నడిచే మ్యూజియానికీ, అది ఉన్న ఊరి పాలకమండలికీ మధ్య చట్టం ఏ బంధం వేసింది? రైల్వే, ఐఐటీ, మునిసిపాలిటీ పక్కపక్కనే ఉన్న ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న తెలుగువారికి ఎందుకు ముఖ్యం?

ఖరగ్‌పూర్ ఐఐటీ ఆవరణలో హిజ్లీ శహీద్ భవన్ అనే పాత కట్టడం ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1930లో అక్కడ రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం పెట్టింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు చనిపోయారు. మృతదేహాలను తీసుకువెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ హిజ్లీకి వచ్చారు. కలకత్తా మైదానంలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ మాట్లాడారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో తొలి ఐఐటీ ఈ భవనంలోనే మొదలైంది. 1990 నుంచి ఇందులో నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం నడుస్తోంది.

అంటే ఒకే కప్పు కింద మూడు చరిత్రలున్నాయి: స్వాతంత్ర్య పోరాటం, సాంకేతిక విద్య, దేశ శాస్త్ర ప్రగతి. ఈ మ్యూజియం ఐఐటీది. ఐఐటీకి డబ్బు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. లెక్కలు చేరేది పార్లమెంటుకు. గేటు బయట ఉన్న ఊరు ఈ వరుసలో ఎక్కడా కనిపించదు. అది ఏ అధికారి తప్పూ కాదు, చట్టం అలా రాసి ఉంది. ప్రజాధనంతో నడిచే మ్యూజియాల జవాబుదారీతనం మన దేశంలో ఎక్కువగా పైకే సాగుతుందనీ, పక్కకు, అంటే ఊరి వైపు, అరుదుగా వస్తుందనీ అర్థం చేసుకోవడానికి ఖరగ్‌పూర్ మంచి ఉదాహరణ.

ఒక ఊరు, మూడు పాలనలు

ఖరగ్‌పూర్ రైలుతో పుట్టిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో ఇక్కడ జంక్షన్, ఆ తర్వాత భారీ వర్క్‌షాపు వచ్చాయి. కార్మికుల కోసం, అధికారుల కోసం రైల్వేయే ఇళ్లు కట్టింది, రోడ్లు వేసింది, ఆసుపత్రి, బడులు పెట్టింది. కంపెనీ 1944లో ప్రభుత్వపరమైంది. 1955లో ఈ ప్రాంతం ఆగ్నేయ రైల్వే కిందికి వచ్చింది.

మునిసిపాలిటీ ఏర్పడింది 1954లో. అప్పటికే రైల్వే కాలనీకి అర్ధ శతాబ్దపు వయసుంది. 2001 జనాభా లెక్కల్లో సైతం 'ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్'ను సుమారు 88 వేల జనాభాతో విడి పట్టణంగా లెక్కించారు. ఇప్పుడు మునిసిపాలిటీలో 35 వార్డులున్నాయి. వాటిలో కొన్ని రైల్వే భూమి మీదే ఉన్నాయి. అక్కడి ఓటరు కౌన్సిలర్‌ను ఎన్నుకుంటాడు, కానీ అతని ఇంటి ముందున్న నేల రైల్వేది. ఆ నేల మీద మునిసిపాలిటీ ఏ పని చేయాలన్నా రైల్వే అనుమతి కావాలి.

మూడోది ఐఐటీ. సుమారు 2,100 ఎకరాల ఆవరణ, దానికి సొంత రోడ్లు, సొంత నీటి సరఫరా, సొంత భద్రత. 1956లో పార్లమెంటు దీన్ని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది. ప్రస్తుతం ఇది 1961 నాటి సాంకేతిక సంస్థల చట్టం కింద నడుస్తోంది.

ఈ మూడు పాలనల మధ్య తెలుగువారి జీవితం సాగుతూ వచ్చింది. వాల్తేరు దిక్కు నుంచి వచ్చే లైను బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిశాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల కుటుంబాలు వర్క్‌షాపు పనికీ లైను పనికీ ఇక్కడికి తరలివచ్చాయి. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. ఆ రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక ఉద్యమానికి నాయకత్వం వహించినవారిలో బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ప్రముఖులు. ఆయన తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఖరగ్‌పూర్ తెలుగువారిని దృష్టిలో పెట్టుకునే 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది.

ఇంత చరిత్ర ఉన్న ఊరిలో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగిని ఊహించుకుందాం. తాతగారి సర్వీసు పుస్తకం, పాత యూనియన్ రసీదులు, వర్క్‌షాపు గేటు పాసు ఆయన ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాటిని ఎవరికైనా అప్పగించి భద్రపరచాలని ఆయన అనుకున్నారు. ఎవరి గడప తొక్కాలి? మునిసిపాలిటీకి మ్యూజియం నడపాల్సిన తప్పనిసరి విధి లేదు. రైల్వేకు తన వారసత్వ సంపద మీద శ్రద్ధ ఉన్నా, ఉద్యోగుల కుటుంబాల కాగితాలు సేకరించమని ఏ చట్టమూ చెప్పదు. ఐఐటీ మ్యూజియం పేరులోనే దాని పరిధి ఉంది: శాస్త్ర సాంకేతికం. 'ఇది మా పని కాదు' అని ముగ్గురూ నిజాయితీగానే చెప్పగలరు. అందరూ నిజమే చెప్పినా, ఆ ట్రంకు పెట్టె మాత్రం అక్కడే ఉంటుంది.

రాజ్యాంగం ఏం చెబుతోంది?

మ్యూజియంలు ఎవరి పరిధిలోకి వస్తాయనే విషయాన్ని రాజ్యాంగం ఏడో షెడ్యూలు రెండుగా విడగొట్టింది. రాష్ట్ర జాబితాలోని 12వ అంశం ప్రకారం రాష్ట్రం నడిపే, లేదా రాష్ట్రం డబ్బు ఇచ్చే గ్రంథాలయాలు, మ్యూజియంలు రాష్ట్ర పరిధిలోవి. కేంద్ర జాబితాలోని 62వ అంశం కింద కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ వంటివీ, పార్లమెంటు జాతీయ ప్రాముఖ్యత గలవిగా ప్రకటించిన అలాంటి సంస్థలూ కేంద్రానివి. ఐఐటీల వంటి సాంకేతిక విద్యా సంస్థలు 64వ అంశం కిందికి వస్తాయి. కాబట్టి ఐఐటీ ఆవరణలోని మ్యూజియం చట్టం దృష్టిలో ముందు ఐఐటీలో ఒక భాగం, ఆ తర్వాతే మ్యూజియం.

మరి స్థానిక ప్రభుత్వం? 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థలకు హోదా ఇచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నాయి. 13వ అంశం సాంస్కృతిక, విద్యా, సౌందర్య రంగాలను ప్రోత్సహించడం. మ్యూజియం అనే మాట అందులో లేదు. పైగా 243-డబ్ల్యూ అధికరణం ఈ అధికారాలను నేరుగా మునిసిపాలిటీకి ఇవ్వదు. రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఇవ్వవచ్చని మాత్రమే అంటుంది. ఫలితంగా పట్టణ పాలకమండలికి సంస్కృతి పేరు మీద బాధ్యత ఉంటుంది కానీ, తన ఊళ్లోని కేంద్ర సంస్థను ఏదైనా అడిగే అధికారం ఉండదు.

జవాబుదారీతనం అంటే నాలుగు ప్రశ్నలు

మ్యూజియం విషయంలో జవాబుదారీతనం అనే మాటను నాలుగు ప్రశ్నలుగా విడదీసి చూడాలి.

మొదటిది డబ్బు: ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? రెండోది వస్తువులు: ఏమేం ఉన్నాయి, వాటి రిజిస్టరు సరిగ్గా ఉందా, ఏదైనా పోయిందా? మూడోది ప్రవేశం: ఎప్పుడు తెరుస్తారు, ఎంత తీసుకుంటారు, వివరాలు ఏ భాషలో రాశారు? నాలుగోది నిర్ణయం: ఏది ప్రదర్శించాలో, ఎవరి కథ చెప్పాలో ఎవరు తేలుస్తారు?

మన చట్టాలు మొదటి ప్రశ్నకు గట్టి జవాబు ఇస్తాయి. రెండోదానికి కొంతవరకు ఇస్తాయి. మూడో ప్రశ్న ఎక్కువగా సంస్థ ఇష్టానికి వదిలేశారు. నాలుగో ప్రశ్నలో ఊరికి చోటు ఉందా లేదా అన్నది ఆ సంస్థకు ఏ చట్టం వర్తిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

డబ్బు లెక్క: రెండు దారులు, ఎక్కడా కలవవు

సాంకేతిక సంస్థల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఐఐటీ లెక్కలను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) తనిఖీ చేస్తారు. ఆ నివేదిక కేంద్ర ప్రభుత్వం ద్వారా పార్లమెంటు ఉభయసభల ముందుకు వెళ్తుంది. రైల్వే లెక్కలనూ కాగ్ వ్యవస్థే చూస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో మునిసిపాలిటీల లెక్కలను 'ఎగ్జామినర్ ఆఫ్ లోకల్ అకౌంట్స్' అనే అధికారి ఆడిట్ చేస్తారు. ఆయన కార్యాలయం కూడా కాగ్ వ్యవస్థలో భాగమే.

అంటే మూడు సంస్థల లెక్కలూ చివరికి ఒకే పెద్ద వ్యవస్థ కళ్ల ముందుకు వస్తాయి. కానీ నివేదికలు వెళ్లే చోట్లు వేరు. ఒకటి ఢిల్లీకి, మరొకటి కోల్‌కతాకు. ఒక మ్యూజియం గురించి ఐఐటీ ఆడిట్‌లో ఏదైనా వ్యాఖ్య వస్తే, దాన్ని ఖరగ్‌పూర్ మునిసిపల్ కౌన్సిల్ సమావేశంలో చర్చించాల్సిన నియమం లేదు.

కాగ్ తలుచుకుంటే మ్యూజియంలను లోతుగా చూడగలదని చెప్పడానికి 2013 నాటి నివేదిక ఉంది. పురాతన కట్టడాలు, వస్తువుల సంరక్షణపై చేసిన ఆ ఆడిట్‌లో కేంద్ర పరిధిలోని పెద్ద మ్యూజియంలను కూడా పరిశీలించారు. జాబితాలో ఉన్న రక్షిత కట్టడాల్లో 92 అసలు కనిపించడం లేదని ఆ నివేదిక చెప్పినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. కాగితం మీద ఉన్న కట్టడం నేల మీద లేకుండా పోవడం ఒక్క రోజులో జరిగే పని కాదు. ఆ కట్టడాల చుట్టుపక్కల ఊళ్లు ఉన్నాయి, పంచాయతీలు, మునిసిపాలిటీలు ఉన్నాయి. వాటి మాయం గురించి మొదట తెలిసేది ఊరికే. ఆ కబురు పైకి చేరే దారి మాత్రం లేకపోయింది. ఊరి వైపు జవాబుదారీతనం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

పన్ను కథ: అడిగే హక్కు ఎక్కడ పోతుంది?

మామూలుగా మునిసిపాలిటీకీ ఆస్తి యజమానికీ మధ్య తొలి బంధం ఆస్తిపన్ను. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు ఈ పన్ను ఉండదు. రైల్వేలకు 1989 నాటి రైల్వే చట్టం 184వ సెక్షన్ కూడా ఉంది. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప స్థానిక సంస్థలకు రైల్వే పన్ను కట్టనక్కర్లేదు.

దీనిపై రాజ్‌కోట్ మునిసిపల్ కార్పొరేషన్ వేసిన కేసులో 2009 నవంబరు 19న సుప్రీంకోర్టు మధ్యేమార్గం చూపింది. పన్ను లేకపోయినా, అందుకున్న సేవలకు కేంద్రం సేవా రుసుము చెల్లించాలి. మునిసిపల్ సేవలన్నీ వాడుకుంటే మామూలు ఆస్తిపన్నులో 75 శాతం, కొన్ని వాడుకుంటే 50 శాతం, ఏవీ వాడుకోకపోతే మూడో వంతు. ఇందుకోసం కేంద్ర శాఖలు స్థానిక సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకోవాలి.

స్వతంత్ర చట్టబద్ధ వ్యక్తిత్వం ఉన్న సంస్థల సంగతి వేరు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కేసులో 1999లో సుప్రీంకోర్టు, కేంద్రం పెట్టిన కంపెనీ అయినా అది కేంద్ర ప్రభుత్వం కాదని, 285వ అధికరణం రక్షణ దానికి రాదని చెప్పింది. కేంద్ర నిధులతో నడుస్తుంది కాబట్టి ప్రతి సంస్థా పన్నుకు అతీతం అనుకోవడం సరికాదని ఈ తీర్పు గుర్తు చేస్తుంది.

రాజ్‌కోట్ కేసులో మ్యూజియంల ప్రస్తావన ముఖ్యం కాదు. ముఖ్యమైనది అది చూపించిన పద్ధతి. కేంద్రానికీ ఊరికీ మధ్య చట్టం ఖాళీ వదిలిన చోట రాతపూర్వక ఒప్పందం ఆ ఖాళీ నింపగలదు. చెత్త తీసుకెళ్లడానికి ఒప్పందం రాసుకోగలిగినవారు, ఊరి చరిత్రను కాపాడడానికి కూడా రాసుకోగలరు.

మేయర్‌కు కుర్చీ ఉన్న మ్యూజియంలు

కేంద్ర సంస్థలో స్థానిక ప్రతినిధికి చోటివ్వడం మన దేశానికి కొత్తేమీ కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ. 1961 నాటి చట్టం కింద ఏర్పడిన దాని బోర్డుకు గవర్నర్ అధ్యక్షులు. అదే బోర్డులో హైదరాబాద్ మేయర్, ఉస్మానియా విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్, అకౌంటెంట్ జనరల్ పదవిరీత్యా సభ్యులు. కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియం కూడా అంతే. దాని చట్టం 1910 నాటిది. ట్రస్టీల్లో గవర్నర్‌తో పాటు కలకత్తా మేయర్‌కూ చోటుంది.

ఖరగ్‌పూర్‌కు రైలు దూరంలో ఉన్న కోల్‌కతాలో మేయర్ ట్రస్టీగా కూర్చుంటారు. ఖరగ్‌పూర్ మునిసిపల్ చైర్మన్‌కు ఐఐటీ మ్యూజియంలో ఏ కుర్చీ లేదు. సాంకేతిక సంస్థల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఐఐటీ బోర్డులోకి రాష్ట్ర ప్రభుత్వం ఒకరిని నామినేట్ చేయవచ్చు. కానీ ఆ వ్యక్తి పేరున్న సాంకేతిక నిపుణుడో పారిశ్రామికవేత్తో అయి ఉండాలి. చదువు చెప్పే సంస్థకు ఆ నియమం సబబే. స్వాతంత్ర్య సమరంలో ఇద్దరు ప్రాణాలు విడిచిన భవనాన్ని చూసుకోవడానికి అది సరిపోతుందా అన్నదే ప్రశ్న.

మేయర్‌కు కుర్చీ ఉన్నంత మాత్రాన మ్యూజియం ఊరిదైపోదు. పదవిరీత్యా వచ్చే సభ్యులు సమావేశాలకు రాకపోతే ఆ కుర్చీ అలంకారమే. అయినా ఆ చోటు ఉండడంలో ఒక విలువ ఉంది. 'బోర్డు సమావేశంలో మన ఊరి తరఫున ఏం అడిగారు?' అని మేయర్‌ను కార్పొరేటర్ నిలదీయగలడు. కుర్చీయే లేని చోట ఆ ప్రశ్న పుట్టదు.

విశాఖలో మరో పద్ధతి ఉంది. నౌకాదళం 2001లో విధుల నుంచి తప్పించిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 2002లో ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా తెరుచుకుంది. వస్తువు నౌకాదళం నుంచి వచ్చింది. నిర్వహణ నగరాభివృద్ధి సంస్థ చేతిలో ఉంది. ఆ సంస్థ ప్రజలు ఎన్నుకున్నది కాదు, కాబట్టి ఇది సంపూర్ణ నమూనా అని చెప్పలేం. కానీ కేంద్ర ఆస్తినీ స్థానిక నిర్వహణనూ ఒకే గాటన కట్టడం సాధ్యమేనని బీచ్‌కు వెళ్లే ప్రతి కుటుంబానికీ తెలుసు.

స్థానిక ప్రభుత్వం చేతిలో పెడితే చాలా?

ఊరికి అధికారం ఇస్తే అన్నీ చక్కబడతాయని అనుకోవడానికి లేదు. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ మ్యూజియంలో సెఖెమ్కా అనే ప్రాచీన ఈజిప్టు శిల్పం ఉండేది. మ్యూజియం పట్టణ కౌన్సిల్‌ది. 2014 జులైలో కౌన్సిల్ ఆ శిల్పాన్ని వేలంలో అమ్మింది. ధర 1 కోటి 57 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మరుసటి నెలే ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఆ కౌన్సిల్ మ్యూజియంల గుర్తింపును రద్దు చేసింది. గుర్తింపు పోతే చాలా గ్రాంట్లకు దారి మూసుకుపోతుంది. యజమాని స్థానిక ప్రభుత్వమే అయినా, వస్తువుల విషయంలో దాన్ని ప్రశ్నించే మరో వ్యవస్థ ఉంది కాబట్టే ఆ పని జరిగింది.

అమెరికాలోని డెట్రాయిట్‌లో కథ మరోలా నడిచింది. అక్కడి కళా మ్యూజియం సేకరణ నగరపాలక సంస్థ ఆస్తి. 2012లో చుట్టుపక్కల మూడు కౌంటీల ఓటర్లు మ్యూజియం కోసం పదేళ్ల పాటు అదనపు ఆస్తిపన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. బదులుగా ఆ కౌంటీల వారికి ప్రవేశం ఉచితం. మరుసటి ఏడాదే నగరం దివాలా తీసింది. అప్పులవాళ్లు మ్యూజియంలోని చిత్రాల మీద కన్నేశారు. ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి 81 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చి, పింఛన్లకు ఊరట ఇచ్చి, సేకరణను నగరం నుంచి స్వతంత్ర సంస్థకు బదిలీ చేయించాయి. 2020లో ఓటర్లు ఆ పన్నును మళ్లీ పొడిగించారు.

రెండు కథల్లోనూ నీతి ఒకటే. జవాబుదారీతనం రెండు వైపులా ఉండాలి. మ్యూజియం ఊరికి జవాబు చెప్పాలి. ఊరి పాలకులు కూడా మ్యూజియంలోని వస్తువులను సొంత ఖజానాలా చూడకుండా కట్టుబడి ఉండాలి. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022 ఆగస్టులో ప్రాగ్ నగరంలో ఆమోదించిన కొత్త నిర్వచనం, మ్యూజియం పనిలో సమాజాల భాగస్వామ్యాన్ని తప్పనిసరి లక్షణంగా చేర్చింది. భాగస్వామ్యం అంటే టికెట్ కొని లోపలికి వెళ్లడం మాత్రమే కాదని ఆ మాట అర్థం.

భాష కూడా జవాబుదారీతనమే

తెలుగుకు రాష్ట్రం ఇచ్చిన హోదా రాష్ట్ర కార్యాలయాల వరకే వర్తిస్తుంది. ఐఐటీ, రైల్వే కేంద్ర సంస్థలు. వాటి అధికారిక వ్యవహారం 1963 నాటి అధికార భాషల చట్టం ప్రకారం హిందీ, ఇంగ్లీషుల్లో నడుస్తుంది. తరతరాలుగా వర్క్‌షాపులో పని చేసిన తెలుగు కుటుంబంలోని మనవరాలు, తన ఊరి మ్యూజియంలో తెలుగు వివరణ కావాలని హక్కుగా అడగడానికి ఏ చట్టమూ ఆధారం కాదు. అయితే తెలుగులో ఒక బోర్డు పెట్టడాన్ని ఏ చట్టమూ అడ్డుకోదు కూడా. ఇలాంటి చోటే స్థానిక పాలకమండలి చేసే తీర్మానానికి విలువ వస్తుంది. బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా మాట్లాడేవాళ్లు కలిసి బతికే ఊరి తరఫున, ఎన్నికైన మండలి అధికారికంగా కోరితే ఆ కోరికకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వడం కనీస మర్యాద.

పౌరుడు ఇప్పుడే చేయగలిగింది

కొత్త చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం మునిసిపాలిటీ, రైల్వే, ఐఐటీ మూడింటికీ వర్తిస్తుంది. ఐఐటీ, రైల్వేలపై అప్పీలు చివరికి కేంద్ర సమాచార కమిషన్‌కు, మునిసిపాలిటీపై అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్తుంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఈ చట్టంలోని 6(3) సెక్షన్ ఖరగ్‌పూర్ లాంటి ఊరికి చాలా ఉపయోగం. అడిగిన సమాచారం మరో ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటే, దరఖాస్తును ఐదు రోజుల్లో ఆ సంస్థకు పంపించి, ఆ సంగతి దరఖాస్తుదారుకు చెప్పాలి. 'ఇది మా పని కాదు' అని చెప్పి తలుపు వేసేయడానికి ఈ సెక్షన్ ఒప్పుకోదు.

ఏం అడగాలి? మ్యూజియం వస్తువుల రిజిస్టరును చివరిసారి ఎప్పుడు సరిచూశారు? గత మూడేళ్లలో నిర్వహణకు ఎంత ఖర్చయింది? దానంగా వచ్చే వస్తువులను తీసుకోవడానికి రాతపూర్వక విధానం ఉందా? మునిసిపాలిటీతో గానీ రైల్వేతో గానీ ఏదైనా అవగాహన ఒప్పందం ఉందా? ఇవన్నీ రికార్డు అడిగే ప్రశ్నలు. 'ఎందుకు చేయలేదు' అని అడిగితే చట్టం పెద్దగా సాయపడదు. ఉన్న కాగితాన్ని ఇప్పించడమే దాని పని. ఆ కాగితం చేతికొచ్చాక 'ఎందుకు' అని అడగాల్సింది కౌన్సిలర్, ఎమ్మెల్యే, ఎంపీ.

ట్రంకు పెట్టెలోని కాగితాల గురించి కూడా రెండు చట్టాలు తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం వస్తువుకు నూరేళ్లు నిండితే పురావస్తువు అవుతుంది. కానీ చారిత్రక విలువ ఉన్న రాతప్రతికి, దస్తావేజుకు 75 ఏళ్లు చాలు. ఇక రైల్వే కార్యాలయాల్లోని పాత మస్టర్ రోల్స్, సర్వీసు రిజిస్టర్లు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కిందికి వస్తాయి. నిర్ణీత పద్ధతి పాటించకుండా వాటిని ధ్వంసం చేయడం శిక్షార్హం. చిత్తుకాగితాల కింద కట్టగట్టే ముందు ఎవరో ఒకరు ఈ మాట గుర్తు చేయాలి. ఊరివాళ్లకు ఆ చట్టం తెలిసి ఉంటే గుర్తు చేయగలరు.

ఒక పేజీ ఒప్పందం

ఖరగ్‌పూర్‌కు కావలసింది పెద్ద సంస్కరణ కాదు. రాజ్‌కోట్ తరహాలో ఒక ఒప్పందం, సాలార్‌జంగ్ తరహాలో ఒక కుర్చీ. ఐఐటీ, ఆగ్నేయ రైల్వే, మునిసిపాలిటీ కలిసి ఒక సలహా సంఘం వేసుకోవడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు. అందులో మునిసిపల్ చైర్మన్, రైల్వే డివిజన్ ప్రతినిధి, మ్యూజియం బాధ్యులు, ఊరి భాషా సమాజాల నుంచి కొందరు ఉండవచ్చు.

ఒప్పందంలో రాసుకోవాల్సినవి కొన్నే. మ్యూజియం ఏటా ఒకసారి సందర్శకుల సంఖ్య, తెరిచిన రోజులు, కొత్తగా చేరిన వస్తువుల వివరాలతో ఒక చిన్న నివేదికను మునిసిపల్ కౌన్సిల్‌కు పంపాలి. కౌన్సిల్ దాన్ని బహిరంగ సమావేశంలో చర్చించి, ప్రశ్నలుంటే రాతపూర్వకంగా అడగాలి. బదులుగా మునిసిపాలిటీ బస్సు స్టాపు, దారి చూపే బోర్డులు, బడిపిల్లల సందర్శనలు వంటివి చూసుకోవాలి. ప్రదర్శనలో ఏముండాలన్నది నిపుణులే తేల్చాలి. అందులో రాజకీయ జోక్యం ఉండకూడదని కూడా అదే కాగితంలో రాసుకోవాలి. పౌరులు తెచ్చే వస్తువులను ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, తీసుకోలేకపోతే ఎక్కడికి పంపిస్తారు అన్నది ఆఖరి అంశం.

ఆ ఆఖరి అంశం ఒక్కటి ఉన్నా, ఆ రిటైర్డ్ ఉద్యోగి చెప్పులరిగేలా మూడు గేట్ల చుట్టూ తిరగనక్కర్లేదు. ఒక చోట కాగితాలు చూపించి, రసీదు తీసుకుని ఇంటికి వెళ్లవచ్చు. మ్యూజియం ఆ సర్వీసు పుస్తకాన్ని తీసుకోకపోవచ్చు కూడా. కానీ 'కాదు' అనే మాటను కారణంతో సహా, ఫలానా తేదీలోగా, ఫలానా వ్యక్తి సంతకంతో చెప్పాల్సి వస్తుంది.